ఒక క్రియాపదం మీద తగాదా

అనువాదం గురించి మన సాహిత్య సభల్లో చర్చ వచ్చినప్పుడల్లా అది చివరకు ఒకే చోట ఆగిపోతుంది: మూలానికి విధేయత ఎంత, అనువాదకుడి స్వేచ్ఛ ఎంత అని. పదాలకు అర్థాలు నిఘంటువులో స్థిరంగా కూర్చుని ఉంటాయనీ, అనువాదకుడు చేయవలసిందల్లా వాటిని ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దాటించడమేననీ ఈ చర్చల్లో పాల్గొనే చాలామంది నమ్మకం. ఆ అర్థాన్ని నిర్ణయించే అధికారం ఎవరి చేతుల్లో ఉంది, ఆ నిర్ణయం వల్ల ఎవరి బొక్కసం నిండింది అన్న ప్రశ్న మనం వేయం. వేస్తే అది సాహిత్యం కాదు, రాజకీయం అంటారు.

అందుకే ఈ వ్యాసంలో ఒకే ఒక్క క్రియాపదాన్ని తీసుకుంటున్నాను. అది గ్రీకు పదం. క్రైస్తవుల కొత్త నిబంధనలో 34 సార్లు వస్తుంది. దాని నుంచి ఏర్పడిన నామవాచకం మరో 22 సార్లు వస్తుంది. క్రియ 'మెతనోయెఓ', నామవాచకం 'మెతనోయా'. తెలుగు బైబిలు చదివినవారికి, చదవకపోయినా పండుగనాడు చర్చి మైకు విన్నవారికి, ఇది 'మారుమనస్సు పొందు' అన్న రూపంలో తెలుసు. మత్తయి సువార్త మూడో అధ్యాయంలో బాప్తిస్మమిచ్చే యోహాను అరణ్యంలో నిలబడి పలికే మొదటి మాట ఇదే. నాలుగో అధ్యాయంలో యేసు బోధ ప్రారంభమయ్యేదీ ఈ మాటతోనే. దీన్ని మరో భాషలో ఎలా చెప్పాలి అన్న తగాదాలో యూరప్‌లో పుస్తకాలు కాలాయి, మనుషులూ కాలారు. దైవశాస్త్ర నిర్ణయం చేయడం నా పని కాదు. తెలుగు మేష్టరుగా నాకు పట్టింది ఆ క్రియ బతికిన బతుకు.

వ్యుత్పత్తితో మొదలుపెడదాం, అది అలవాటు కనుక. 'మెత' అంటే తర్వాత. మార్పును కూడా సూచిస్తుంది. 'నోయెఓ' అంటే గ్రహించడం, ఆలోచించడం. మనసుకూ బుద్ధికీ గ్రీకులో ఉన్న 'నూస్' అనే మాటకు ఇది చుట్టం. కాబట్టి పాత గ్రీకులో ఈ క్రియకు 'ఆలస్యంగా తెలుసుకోవడం' అనీ, 'అభిప్రాయం మార్చుకోవడం' అనీ అర్థాలు. దీనికి ఎదురు మాట 'ప్రోనోయెఓ', అంటే ముందే ఆలోచించడం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అని మనం అనే పని మొదట్లో ఈ క్రియ చెప్పిన పనే. ఇందులో పాపమూ లేదు, దేవుడూ లేడు, కన్నీళ్ళు అసలే లేవు.

ఈ పదం అసలు రంగు చూడాలంటే చరిత్రకారుడు థూసిడిడీస్ దగ్గరికి పోవాలి. క్రీ.పూ. 427. లెస్బోస్ దీవిలోని మితిలేనే నగరం ఏథెన్స్ పెత్తనం మీద తిరగబడి ఓడిపోయింది. ఏథెన్స్ పౌరసభ కోపంతో తీర్మానించింది: అక్కడి వయసొచ్చిన మగవాళ్ళందరినీ చంపాలి, ఆడవాళ్ళనూ పిల్లలనూ బానిసలుగా అమ్మాలి. ఆ ఆజ్ఞతో ఒక ఓడ బయలుదేరింది. తెల్లవారేసరికి పౌరుల్లో 'మెతనోయా' కలిగిందని థూసిడిడీస్ రాస్తాడు. సరిగ్గా ఈ మాటే వాడాడు. సభ మళ్ళీ కూడింది. క్లియోన్ చంపవలసిందే అన్నాడు. డియోడోటస్ వద్దన్నాడు. అయితే జాలి చూపమని కాదు, చంపడం ఏథెన్స్‌కు లాభసాటి కాదని వాదించాడు. కొద్దిపాటి తేడాతో డియోడోటస్ గెలిచాడు. అప్పటికి మొదటి ఓడ దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ ముందుంది. రెండో ఓడను పంపారు. ఏథెన్స్‌లో ఉన్న మితిలేనే రాయబారులు తెడ్లు వేసేవారికి బార్లీ పిండీ ద్రాక్షసారాయీ సమకూర్చారు. వాళ్ళు పిండిని సారాయితో, నూనెతో కలిపి తింటూనే తెడ్లు వేశారు, వంతులవారీగా నిద్రపోయారు. మొదటి ఓడవాళ్ళు మోస్తున్నది పాడు వార్త కనుక తీరిగ్గా పోతున్నారు. అక్కడి సేనాని ఆజ్ఞ చదువుకుని అమలు చేయబోతుండగా రెండో ఓడ రేవు చేరింది.

కథ ఇక్కడ ఆపి కళ్ళు తుడుచుకునేవాళ్ళుంటారు. థూసిడిడీస్ ఆపలేదు. తిరుగుబాటుకు ప్రధాన కారకులని వెయ్యి మందికి పైగా మనుషులను తర్వాత చంపారని రాశాడు. నగర ప్రాకారాలు పడగొట్టారు, ఓడలు లాక్కున్నారు. దీవిలో మెథిమ్నా పట్టణం వారిది మినహా మిగతా భూమిని 3000 భాగాలు చేశారు. 300 భాగాలు దేవతలకు, మిగిలినవి లాటరీ మీద ఏథెన్స్ నుంచి వచ్చినవారికి. ఆ భూమిని దున్నింది మాత్రం పాత లెస్బోస్ రైతులే. భాగానికి ఏడాదికి రెండు మినాల చొప్పున కొత్త యజమానులకు కౌలు కట్టారు. మనసు మారింది, భూమి చేతులు మారింది. మొదటిది రెండోదాన్ని ఆపలేదు. ఈ క్రియ చరిత్రలో ఇక ముందు వచ్చే ప్రతి తగాదాలోనూ ఈ లెస్బోస్ రైతులు నాకు గుర్తొస్తూనే ఉంటారు.

క్రీ.పూ. మూడో శతాబ్దం నుంచి అలెగ్జాండ్రియా ప్రాంతపు యూదులు తమ హీబ్రూ గ్రంథాలను గ్రీకులోకి మార్చుకున్నారు. హీబ్రూలో రెండు వేరు వేరు క్రియలున్నాయి. ఒకటి 'నిహమ్': చేసినదానికి, చేయబోయేదానికి మనసు కరిగి వెనక్కు తగ్గడం. రెండోది 'షూవ్': తిరగడం, దారి మళ్ళి రావడం. ప్రవక్తలు ప్రజలను పిలిచేటప్పుడు ఎక్కువగా వాడేది రెండోదే; అది కాళ్ళతో చేసే పని. గ్రీకు అనువాదకులు 'మెతనోయెఓ'ను ఎక్కువగా మొదటిదానికి వాడారు. దాంతో ఒక విచిత్రం జరిగింది: గ్రీకు పాత నిబంధనలో తరచు ఈ క్రియకు కర్త మనిషి కాదు, దేవుడు. ఆమోసు ప్రవక్త మిడతల దండును చూసి దేవుణ్ణే మనసు మార్చుకోమని వేడుకుంటాడు. యోనా కథలో నీనెవె ప్రజలు చెడు దారి నుంచి తిరిగితే, దేవుడు తాను చేస్తానన్న కీడు విషయంలో మనసు మార్చుకుంటాడు. తిరగడం ప్రజల వంతు, మనసు మార్చుకోవడం దేవుడి వంతు. తర్వాతి తరాల యూదుల గ్రీకులో ఈ రెండు క్రియల మధ్య గట్టు క్రమంగా చెరిగింది. 'తిరగడం' అన్న ప్రవక్తల బరువంతా వచ్చి 'మెతనోయెఓ' మీద పడింది.

ఒకటో శతాబ్దంలో కొత్త నిబంధన రాసినవాళ్ళు అందుకున్నది ఈ బరువెక్కిన పదాన్ని. అపొస్తలుల కార్యముల మూడో అధ్యాయంలో 'మెతనోయెఓ'నూ 'తిరుగు' అన్న క్రియనూ పక్కపక్కన నిలబెట్టారు. లూకా సువార్త మూడో అధ్యాయం ఇంకా స్పష్టం. యోహాను జనాన్ని ఈ మాటతో పిలుస్తాడు. దానికి తగిన ఫలాలు చూపమంటాడు. అయితే ఏం చేయాలి అని జనం అడుగుతారు. మన విమర్శకుల్లో కొందరిలా ఆయన మానసిక పరిపక్వత గురించి ఉపన్యసించలేదు. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వాలన్నాడు. తిండి విషయంలోనూ అంతే. సుంకం వసూలు చేసేవాళ్ళు విధించినదానికి మించి గుంజకూడదన్నాడు. సిపాయిలు ఎవరినీ బెదిరించి డబ్బు లాగకూడదు, జీతంతో సరిపెట్టుకోవాలన్నాడు. మూడు జవాబుల్లోనూ ఉన్నది బట్ట, తిండి, పన్ను, జీతం. ఈ క్రియకు ఇంతకంటే పాత వ్యాఖ్యానం కొత్త నిబంధనలో వెతకనక్కరలేదు.

మరో మాట కూడా ఇక్కడే చూడాలి. యేసును పట్టించిన యూదా ఇస్కరియోతు తర్వాత కుమిలిపోయి ముప్పై వెండి నాణేలు తిరిగి ఇచ్చేస్తాడు. ఆ చోట మత్తయి 'మెతనోయెఓ' వాడలేదు, 'మెతమెలొమై' అన్నాడు. చేసినదానికి బాధపడటం అని దాని అర్థం. బాధ వేరు, మార్పు వేరు అని గ్రీకులో ఎప్పుడూ గీత గీసినట్టు ఉంటుందని కాదు. ఈ రెండు క్రియలూ ఒకదాని సరిహద్దులోకి ఒకటి వచ్చిపోతుంటాయి. కానీ ఈ కథలో ఆ తేడా పనిచేసింది.

లాటిన్‌లోకి వచ్చేసరికి ఆ తేడా పోయింది. రోమన్ సామ్రాజ్యపు పడమటి భాగంలో సువార్తలను తొలిసారి లాటిన్ చేసినవాళ్ళకు దొరికిన మాట 'పేనితెంతియా'. అసంతృప్తి, చింత అని దానికి పాత అర్థం. మత్తయిలోని గ్రీకు ఆజ్ఞార్థకాన్ని వాళ్ళు 'పేనితెంతియం అగితె' అన్నారు. 'అగితె' అంటే చేయండి. ఒక్క క్రియ రెండు ముక్కలైంది: ఒక నామవాచకం, దాన్ని 'చేయడం'. చేయడానికి వీలైన వస్తువుగా మారినదాన్ని కొలవవచ్చు, ఎక్కువ తక్కువలు చూడవచ్చు, ఒకరికి బదులు మరొకరు చేయవచ్చు. ఇది గమనించినవాళ్ళు అప్పుడే లేకపోలేదు. మూడో శతాబ్దపు మొదట్లో తెర్తుల్లియన్, గ్రీకు మాట నేరం ఒప్పుకోవడం నుంచి కాక మనసు మారడం నుంచి పుట్టిందని రాశాడు. నాలుగో శతాబ్దంలో లక్తాన్షియస్ తెలివి తిరిగి తెచ్చుకోవడం అన్న అర్థమున్న మరో లాటిన్ మాట సూచించాడు. ఎవరూ వినలేదు. 384 ప్రాంతంలో పోప్ దమాసస్ కోరిక మీద సువార్తల లాటిన్‌ను సవరించిన జెరోమ్, మత్తయిలో పాత పదబంధాన్నే ఉంచాడు. యూదా బాధపడిన చోట కూడా 'పేనితెంతియా'యే. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో మాత్రం ఏక క్రియ వాడాడు. ఒకే మనిషి చేతిలో ఒకే గ్రీకు మాటకు రెండు రూపాలు! ఆ రెండింటిలో మఠాలూ న్యాయస్థానాలూ ఎత్తిపట్టుకున్నది 'చేయండి' అన్నదాన్ని. ఆ పైన ఏడో శతాబ్దంలో సెవిల్ బిషప్పు ఇసిడోర్ ఈ పదానికి శిక్షించడమన్న క్రియతో బంధుత్వం కలిపాడు. అది తప్పుడు వ్యుత్పత్తి. అయినా మధ్యయుగపు లేఖకులు ఆ మాట వర్ణక్రమాన్నే మార్చి శిక్ష అన్న పదంలా కనిపించేటట్టు రాస్తూ వచ్చారు. తప్పుడు వ్యుత్పత్తికి అధికారం తోడైతే అది నిజమైన అర్థమై కూర్చుంటుంది.

ఆరో శతాబ్దం నుంచి ఐర్లండ్ మఠాల్లో ప్రాయశ్చిత్త పట్టికలు తయారయ్యాయి. ఏ పాపానికి ఎన్నాళ్ళు రొట్టె, నీళ్ళతో ఉపవాసం, ఎన్ని కీర్తనలు అన్నది వాటిలో ఉంటుంది. మొదట్లో ఇవి రక్తపాతాల సమాజంలో పగకు బదులు పరిహారం చూపించాయనీ, కొంత మేలు చేశాయనీ చరిత్రకారులు అంటారు. కాదనను. కానీ పట్టిక ఎక్కడ ఉంటే మినహాయింపు అక్కడ ఉంటుంది. పదో శతాబ్దపు ఇంగ్లండ్ నియమాల్లో గొప్పవారి కోసం ఒక ఏర్పాటు ఉంది. ఏడేళ్ళ ఉపవాసశిక్ష పడిన ప్రభువు దాన్ని మూడు రోజుల్లో ముగించవచ్చు. ముందు పన్నెండుమందిని తోడు తెచ్చుకుని మూడు రోజులు రొట్టె, పచ్చికూరలు, నీళ్ళతో ఉండాలి. తర్వాత నూట ఇరవై మందిని ఏడు విడతలుగా తెచ్చి వాళ్ళ చేత కూడా మూడేసి రోజులు ఉపవాసం చేయించాలి. లెక్క వేయండి. 12 మంది, 840 మంది, వెరసి 852. మూడేసి రోజుల చొప్పున 2556. ఏడేళ్ళకు ఎన్ని రోజులో అన్నీ వచ్చేశాయి! లెక్కల మేష్టరు తప్పు పట్టలేడు. అంతమందిని కూడగట్టగల ప్రభువుకు పొలాల్లో, గుర్రపుసాలల్లో, వంటశాలల్లో ఎవరు పనిచేస్తుంటారో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. పాపం ఒకడిది, ఆకలి ఎనిమిదివందల మందిది. 'మెతనోయెయితె' అని యోహాను అరిచిన అరుపు ఈ లెక్కకు చేరడానికి తొమ్మిదివందల ఏళ్ళు పట్టింది.

తర్వాతి మెట్లు త్వరగా దాటవచ్చు. 1215లో నాలుగో లాటరన్ సభ ప్రతి క్రైస్తవుడూ ఏడాదికోసారి గురువు ముందు పాపాలు ఒప్పుకోవాలని శాసించింది. 1343లో ఆరో క్లెమెంట్ పోప్, క్రీస్తుదీ పునీతులదీ పుణ్యం ఒక నిధిగా చర్చి దగ్గర నిల్వ ఉందని ప్రకటించాడు. 1476లో నాలుగో సిక్స్‌టస్ పోప్ ఆ నిధి నుంచి చనిపోయినవారి ఆత్మలకు కూడా లాభం చేకూర్చవచ్చన్నాడు. ఇక మిగిలింది దుకాణం తెరవడమే.

1514లో హోహెన్‌జోలెర్న్ రాజవంశపు కుర్రవాడు ఆల్‌బ్రెక్ట్ మైంజ్ నగరపు ఆర్చిబిషప్పు అయ్యాడు. అప్పటికే అతని చేతిలో మాగ్డెబర్గ్, హాల్బర్‌ష్టాట్ పీఠాలున్నాయి. ఇన్ని పదవులు ఒకరికి ఉండకూడదన్న నియమాన్ని సడలించినందుకు రోముకు పెద్ద మొత్తం చెల్లించాలి. ఆగ్స్‌బర్గ్‌లోని ఫుగ్గర్ వడ్డీవ్యాపారులు అప్పు ఇచ్చారు. అప్పు తీర్చడానికి మార్గం కూడా రోమే చూపించింది: పాపపరిహార పత్రాలు అమ్ముకోండి, సగం రోములో సెయింట్ పీటర్ దేవాలయ నిర్మాణానికి, సగం ఫుగ్గర్ల బాకీకి. అమ్మకందార్లకు ఇచ్చిన సూచనల్లో అంతస్తును బట్టి ధరలున్నాయి. రాజులకూ బిషప్పులకూ 25 బంగారు గిల్డర్లు, అక్కడి నుంచి మెట్లు మెట్లుగా దిగుతాయి. ఏమీ లేనివాడు ప్రార్థనతో, ఉపవాసంతో చెల్లించవచ్చు. ఉపవాసం లేనివాడికి కొత్తేం కాదు కదా.

ఈ భవనం కింద పునాదిరాయిగా ఉన్నది ఆ రెండు లాటిన్ మాటలు. దాన్ని కదిలించింది వ్యాకరణ పండితులు. ఇటలీలో లొరెంజో వల్లా అనే మనిషి ఉండేవాడు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి పడమటి రాజ్యాన్ని పోపుకు దానమిచ్చినట్టున్న పత్రం కూటసృష్టి అని, అందులోని లాటిన్ ఆ కాలానిది కాదని 1440లో భాషాసాక్ష్యంతోనే నిరూపించినవాడు ఇతనే. అతను లాటిన్ కొత్త నిబంధనను గ్రీకుతో పోల్చి, తేడాలు పట్టికట్టి రాసిపెట్టుకున్నాడు. 1504లో లూవెన్ దగ్గరి మఠ గ్రంథాలయంలో ఎరాస్మస్‌కు ఆ రాతప్రతి దొరికింది. మరుసటి ఏడు పారిస్‌లో అచ్చయింది. ఎరాస్మస్ అక్కడితో ఆగక 1516లో బాసెల్ నగరంలో ఫ్రోబెన్ ముద్రణాలయం నుంచి గ్రీకు మూలాన్నీ, తన లాటిన్‌నూ, వివరణలనూ కలిపి ప్రచురించాడు. మత్తయి మూడో అధ్యాయంలో 'పేనితెంతియా చేయండి' అన్న మాట అందులో లేదు. వివరణలో, తెలివి తెచ్చుకోండి అన్న అర్థమిచ్చే క్రియను సూచించాడు. పన్నెండువందల ఏళ్ళనాడు లక్తాన్షియస్ చెప్పినదే.

మార్టిన్ లూథర్ 1517 అక్టోబర్ 31న ఆల్‌బ్రెక్ట్‌కు పంపిన 95 ప్రతిపాదనల కథ అందరికీ తెలుసు. చర్చి తలుపుకు మేకులు కొట్టాడా లేదా అన్నది ఇంకా తేలని తగువు; నాకు దానితో పనిలేదు. సాహిత్య విద్యార్థులు చూడవలసింది మొదటి రెండు ప్రతిపాదనలను. యూరప్‌ను కుదిపిన ఆ పత్రం డబ్బుతో మొదలవదు, పోపుతోనూ మొదలవదు. ఒక క్రియాపదం అర్థంతో మొదలవుతుంది. క్రీస్తు ఆ మాట అన్నప్పుడు విశ్వాసి జీవితమంతా అలా ఉండాలని కోరాడనేది మొదటిది. ఆ మాటను గురువు దగ్గర జరిగే పాపసంకీర్తన సంస్కారంగా అర్థం చేసుకోవడానికి వీల్లేదనేది రెండోది. మరుసటి ఏడు మే 30న తన పెద్ద అయిన ష్టౌపిట్స్‌కు రాసిన ఉత్తరంలో తన మార్గం చెప్పుకున్నాడు. గ్రీకు తెలిసిన విద్వాంసుల సహాయంతో ఆ పదం మనసు మారడాన్ని చెబుతుందని గ్రహించాననీ, లాటిన్ మాట క్రియాకలాపాన్ని సూచించడం వల్లనే జనం మోసపోయారనీ రాశాడు. ఒక భాషాశాస్త్ర సత్యం ఒక అప్పుల వ్యాపారాన్ని దెబ్బకొట్టింది. ఇలాంటివి చరిత్రలో తరచు జరగవు.

ఇంతవరకు కథ మనకు బాగానే ఉంటుంది. పురోహితుల చేతుల్లో చెడిన పదాన్ని పండితులు బాగుచేశారు అని చప్పట్లు కొట్టి లేచిపోవచ్చు. మన ప్రగతిశీల విమర్శలో కూడా సంస్కరణోద్యమాన్ని ఇలాగే చదివే అలవాటు ఉంది. నాకు అక్కడే పేచీ. లూథర్ చేసింది వ్యుత్పత్తి ఆధారంగా చేసిన వాదన. పదం పుట్టుక దాని అర్థం కాదని 1961లో జేమ్స్ బార్ బైబిలు పదార్థవిజ్ఞానం మీద రాసిన గ్రంథంలో గట్టిగా చెప్పాడు. పదం అర్థం వాక్యంలో, వాడుకలో ఉంటుంది. 'మెతనోయెఓ'లో 'నూస్' ఉంది కనుక అది మనసు సంగతి మాత్రమే అనుకుంటే, ప్రవక్తల 'తిరగడం' ఏమైపోయింది? యోహాను చెప్పిన రెండో అంగీ ఏమైపోయింది? పదాన్ని దుకాణం నుంచి విడిపించి గుండెలో పెట్టి తలుపు వేశారు.

ఆ తలుపు ఎంత గట్టిదో ఎనిమిదేళ్ళలో తేలిపోయింది. 1525 మార్చిలో మెమ్మింగెన్ పట్టణంలో జర్మన్ రైతులు పన్నెండు కోర్కెలు రూపొందించారు. వెట్టిదాస్యం పోవాలి, అడవులూ ఉమ్మడి బీళ్ళూ తిరిగి ఇవ్వాలి, పంటలో చర్చి తీసే పదోవంతు మీద అదుపు ఉండాలి అని. కోర్కెల పక్కనే బైబిలు వాక్యాల సంఖ్యలు వేశారు. జీవితమంతా మారాలన్న మాటను వాళ్ళు జీవితానికే అన్వయించారు. లూథర్ ముందు ఇద్దరినీ మందలించాడు. ఆ తర్వాత రైతులను నిర్దాక్షిణ్యంగా అణచమని ప్రభువులకు రాశాడు. మే 15న ఫ్రాంకెన్‌హౌసెన్ దగ్గర రైతుసేన తుడిచిపెట్టుకుపోయింది. థామస్ మ్యూంజర్‌ను అదే నెల 27న తల నరికారు. ఎంగెల్స్ 1850లో రాసిన జర్మన్ రైతు యుద్ధ చరిత్ర చదివిన మిత్రులకు ఇది తెలిసిన విషయమే. నేను చేర్చేది ఒక్క చిన్న భాషా సంగతి. లూథర్ జర్మన్ బైబిలు మత్తయి మూడో అధ్యాయంలో చివరకు స్థిరపడిన మాట 'బూసె చేయండి'. 'బూసె' అంటే పాత జర్మన్ న్యాయభాషలో నష్టపరిహారం, జరిమానా. ఏ 'చేయండి'ని చూసి ఉత్తరం రాశాడో అదే మళ్ళీ వచ్చి కూర్చుంది. అలవాటైన మాట బలం అంతటిది.

ఇంగ్లండ్‌లో ఇదే తగాదా మరో రూపం తీసుకుంది. విలియం టిండేల్ 1526లో అచ్చు వేయించిన ఇంగ్లీషు కొత్త నిబంధనలో శిక్ష వాసన ఉన్న 'పెనెన్స్' వదిలి 'రిపెంట్' అన్నాడు. ఆ ప్రతులను లండన్‌లో తగలబెట్టారు. సర్ థామస్ మోర్ వందల పేజీలు రాసి టిండేల్ మాటల ఎంపికను దుయ్యబట్టాడు: చర్చికి బదులు సంఘం, ప్రీస్టుకు బదులు పెద్ద, పెనెన్స్‌కు బదులు రిపెంటెన్స్ అంటే గురువూ సంస్కారమూ మిగలవని అతని భయం. నిజానికి మోర్ తెలివైనవాడు; ప్రమాదం ఎక్కడుందో సరిగ్గానే పట్టుకున్నాడు. ఒక్కొక్క మాట తీసేస్తే ఒక్కొక్క ఉద్యోగం పోతుంది. మోర్‌ను 1535లో ఎనిమిదో హెన్రీ తల తీయించాడు. టిండేల్‌ను 1536లో విల్‌వోర్డె దగ్గర గొంతు బిగించి చంపి కాల్చారు. 1582లో రీమ్స్ పట్టణంలో కేథలిక్కులు తెచ్చిన ఇంగ్లీషు కొత్త నిబంధన మళ్ళీ పెనెన్స్ చేయమనే చెప్పింది.

ఇక మన భాష సంగతి. విశాఖపట్నంలో లండన్ మిషన్‌కు చెందిన డెస్ గ్రాంజెస్, ఆనందరాయర్ కలిసి తయారుచేసిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. 1818లో పూర్తి కొత్త నిబంధన వచ్చింది. అక్కడి నుంచి ఎన్నో చేతులు మారి నేడు విస్తారంగా చదివే తెలుగు బైబిలు తయారైంది. ఈ క్రియకు తెలుగులో సిద్ధంగా ఉన్న మాటలు చూడండి. 'పశ్చాత్తాపం': పశ్చాత్ అంటే తర్వాత, గ్రీకు 'మెత'కు అచ్చంగా సరిపోతుంది, కానీ తాపం మనసు పని కాదు, గుండె మంట. 'ప్రాయశ్చిత్తం': ఇందులో 'చిత్తం' కనిపించి మురిపిస్తుంది కాని వాడుకలో ఇది లాటిన్ 'పేనితెంతియా'కు సొంత తోబుట్టువు. ధర్మశాస్త్రాల్లో దీనికీ పట్టికలున్నాయి. క్షత్రియుణ్ణి చంపితే వెయ్యి ఆవులు, వైశ్యుణ్ణి చంపితే వంద, శూద్రుణ్ణి చంపితే పది దానమివ్వాలని ఆపస్తంబ ధర్మసూత్రం. మైంజ్ ధరల పట్టిక కట్టేవాడి అంతస్తు చూసింది. మన పట్టిక చచ్చినవాడి వర్ణం చూసింది. అంతే తేడా.

తెలుగు బైబిలు ఈ రెండింటినీ కాదని 'మారుమనస్సు' అన్నది. యూదా దగ్గర మాత్రం పశ్చాత్తాపపడ్డాడని రాసింది. యోనా కథలో దేవుడు కూడా పశ్చాత్తప్తుడే అయ్యాడు; మన పాత నిబంధన హీబ్రూ నుంచి వచ్చింది కనుక అక్కడ గ్రీకు క్రియ ప్రసక్తి లేదు. లాటిన్ చెరిపేసిన గీతను తెలుగు మళ్ళీ గీసింది. ఇది చిన్న విజయం కాదు. అయితే తెలుగు మేష్టరు సందేహాలు తెలుగు మేష్టరువి. 'మారు' మన సమాసాల్లో ఏం చేస్తుంది? మారుపేరు, మారువేషం, మారుతల్లి. ఉన్నదాని స్థానంలో వచ్చిన మరొకటి అనే ధ్వని ఉంది. మారువేషం వేసినవాడు లోపల మారలేదు. వాడుకలో మనం అనేది 'మనసు మార్చుకున్నాడు' అని, 'మనసు మారింది' అని. అందులో మనిషి కర్త, లేదా మనసే కర్త. 'మారుమనస్సు పొందు' అన్నప్పుడు మారడమనే క్రియ పోయి ఒక నామవాచకం వచ్చింది, దాన్ని 'పొందాలి'. పట్టా పొందినట్టు, వరం పొందినట్టు. లాటిన్ 'చేయండి' అన్నది, తెలుగు 'పొందండి' అన్నది. గ్రీకులో రెండూ లేవు. ఉన్నది ఒట్టి క్రియ. పైనుంచి వచ్చే కృప అన్న లూథర్ అనంతర భావం ఈ 'పొందు'లో దూరిందని నాకనిపిస్తుంది. 'ఆయన మారుమనస్సు పొందాడు' అంటే ఊళ్ళో అర్థం ఆయన మతం పుచ్చుకున్నాడని. ఒక క్రియ ఒక గుర్తింపు చీటీ అయింది.

ఆ చీటీ ఎలా పరీక్షించాలి అన్న ప్రశ్న ఒంగోలు ప్రాంతంలో నిజంగానే వచ్చింది. 1876–78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి పని చూపించాడు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. కూలి పని సాగినంతకాలం, కూడు కోసం వచ్చారనిపించుకోకుండా, ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పని ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మందికి ఇచ్చారు. ఇంతమందికి నిజంగా మనసు మారిందా, ఆకలి మార్చిందా అన్న చర్చ అప్పుడే మొదలైంది. నేటికీ మన పత్రికల్లో అప్పుడప్పుడు వెటకారంగా వినిపిస్తూనే ఉంటుంది. ఆకలితో ఉన్నవాడి మనసు మీద అనుమానం, కడుపు నిండినవాడి మనసు మీద గౌరవం! ఫుగ్గర్ల అప్పుతో ఆర్చిబిషప్పు అయినవాణ్ణి ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

క్లౌ చనిపోయాక 1914లో వెలువడిన ఆయన ఆత్మకథలో కొత్తగా చేరినవారికి పెట్టిన నియమాలు మూడు కనిపిస్తాయి. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలను కొలవకూడదు. చూడ్డానికి మతనియమాలే. కానీ పల్లె ఆర్థికంలో పెట్టి చూడండి. మోటతోలు కుట్టేది, చెప్పులు కుట్టేది, చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోయేది, జాతరలో డప్పు కొట్టేది మాదిగవాడే; అది తరతరాలుగా ఊరికి చెల్లించవలసిన చాకిరీ. ఆసామి పిలిస్తే రావాలి, వారం వర్జ్యం లేదు. అందువల్ల ఆ మూడు నియమాల్లో ఏ ఒక్కటీ గుండెలో దాచుకోవడానికి కుదిరేది కాదు. ఆదివారం పనికి రాకపోతే ఆసామికి ఆ పూటే తెలుస్తుంది. జాతరనాడు డప్పు మోగకపోతే ఊరంతటికీ తెలుస్తుంది.